ఉంగి తెచ్చిన సామలు

విశ్వాసం గొంతు ముందు విని మనిషిని తర్వాత చూసినవాళ్ళు ఒక పట్టాన నమ్మేవారు కాదు. మనిషి ఎండిన జమ్ముగడ్డిలా సన్నగా ఉంటాడు. గొంతు మాత్రం కొల్లేటి మీద వాన లాంటిది. దూరంగా ఎక్కడో మొదలై, దగ్గరికొచ్చేసరికి అందర్నీ తడిపేస్తుంది. చేపల మార్కెట్లో వేలంపాట పిలవడం ఆయన పని. ఐసు పెట్టెల మధ్య బల్ల మీద నిలబడి శీలావతి ఎంత, బొచ్చె ఎంత, కొర్రమీను ఎంత అని పిలుస్తుంటే, కొనే పనిలేనివాళ్ళు కూడా టీ గ్లాసులు పట్టుకుని ఆగిపోయేవారు. ధర కోసం కాదు, మధ్యమధ్య ఆయన విసిరే మాటల కోసం. "ఈ జెల్ల మీసాలు చూడండి, అచ్చం మా మావగారివే" అనేవాడు. మావగారు పోయి చాలాకాలమైంది. ఆ మాటకి నవ్వు మాత్రం పోలేదు.

వరికోతలయ్యాక వచ్చే కోతపండుగకి ఏలూరు చుట్టుపక్కల చర్చిలన్నిటికీ విశ్వాసమే కావాలి. కోతపండుగంటే తొలిపంట దేవుడికిచ్చే రోజు. ధాన్యమో, గుమ్మడికాయో, కోడిపుంజో, ఇంట్లో చుట్టిన సున్నుండలో తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటినే ఆవరణలో వేలం వేస్తారు. వచ్చిన డబ్బు చర్చి పనులకి. "ప్రభువు వారి పాట!" అని విశ్వాసం గొంతెత్తాడంటే, ముదిరిపోయిన సొరకాయ కూడా పెళ్ళికూతురై కూర్చునేది.

నిజానికి ఆయన వెళ్ళే ఏలూరు చర్చిలో పొలాలున్నవాళ్ళు ఏనాడో తగ్గిపోయారు. టీచర్లు, నర్సులు, ఆఫీసు గుమస్తాలు ఎక్కువ. బలిపీఠం ముందు మెరిసే గుమ్మడికాయలు శనివారం సాయంత్రం రైతుబజారులో బేరమాడి తెచ్చినవి. అది అందరికీ తెలుసు. అయినా తొలిపంట అన్న మాట అలాగే ఉండిపోయింది, నీళ్ళు రావడం మానేసిన కాలవకి కాలవ అన్న పేరు మిగిలినట్టు.

ఇది రెండువేల ఏడులో జరిగింది. సరిహద్దు అవతల ఛత్తీస్‌గఢ్ అడవుల్లో అప్పుడు యుద్ధం. ఒకవైపు తుపాకులు వచ్చి అన్నం పెట్టమన్నాయి. రెండోవైపు తుపాకులు వచ్చి ఎందుకు పెట్టారన్నాయి. ఊళ్ళు కాలిపోయాయి. మిగిలినవాళ్ళు కొండలు దాటి ఇటు వచ్చి, జంగారెడ్డిగూడెం అవతల అడవిలో చెట్ల కొమ్మలు విరిచి నీడ వేసుకున్నారు. వాళ్ళ భాష కోయ. ఇక్కడి కాయితాల్లో వాళ్ళు ఎక్కడా లేరు.

చర్చిలో స్త్రీల సమాజాన్ని నడిపించేది రూబీ టీచర్. హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. ఆ మనుషుల సంగతి విని మొదట వ్యాను కట్టించింది ఆవిడే. మొదటిసారి పట్టుకెళ్ళినవి పాత బట్టలు. హుక్కులూడిన గౌన్లు, చిరుగు పట్టిన పట్టుచీరలు, ఎవరిదో పెళ్ళికోటు. ఆ కోటు తొడుక్కుని నిలబడిన ముసలాయన్ని తల్చుకుని, తిరిగొస్తూ వ్యానులో అందరూ నవ్వుకున్నారు. రూబీ టీచర్ నవ్వలేదు.

"ఏవండీ, మనం పెట్టడం, వాళ్ళు తీసుకోవడం. ఇది సగమేనండి" అంది. "వాళ్ళు ఇస్తే మనం చేతులు చాచి తీసుకునే రోజొకటి రావాలి. అప్పటిదాకా వాళ్ళు మన ముందు తలెత్తరు."

ఆ తర్వాత పాత బట్టలు పంపలేదు. కొత్త గిన్నెలు, దుప్పట్లు వెళ్ళాయి. చేతిపంపు పడింది. తాటాకు పాకలో బడి లేచింది. పక్క గూడెంలో పుట్టి పెరిగిన కోయ యువకుడు గంగులు, రెండు భాషలూ వచ్చినవాడు, అక్కడ పంతులుగా కుదిరాడు. ప్రతి ప్రయాణంలోనూ విశ్వాసం ఉన్నాడు. మూటలు మోశాడు, పైపులు మోశాడు. చెంపలు లోపలికి పీల్చి చేపమొహం పెట్టి పిల్లల్ని నవ్వించాడు. తాను ఇవ్వగలిగింది నవ్వేనని ఆయన నమ్మకం. ఎవరూ కాదనలేదు.

ఆ ఏడు కోతపండుగకి రూబీ టీచర్ వాళ్ళలో కొందర్ని పిలిచింది. అడవిలో వాళ్ళ గుడిసెల ముందు కూర్చుని, "మీకులాగే మేమూ తొలిపంట దేవుడికిచ్చాకే తింటాం" అని చెప్పింది. గంగులు దాన్ని వాళ్ళ భాషలో పెట్టాడు. వినేవాళ్ళలో ఉంగి అనే ఆవిడ ఉంది. ముప్పై దాటని మనిషి, పిల్లల తల్లి. ఆ మాట విని లోపలికి వెళ్ళి చాలాసేపటిదాకా బయటికి రాలేదు.

పండుగనాడు వ్యాను దిగినప్పుడు ఉంగి చేతిలో ఒక సొరబుర్ర ఉంది. మూతికి ఆకు కుక్కి, నారతో కట్టింది. చంటిబిడ్డ తలకి చెయ్యి అడ్డంపెట్టినట్టు దాని కింద అరచెయ్యి పెట్టుకుని నడిచి, బలిపీఠం ముందు గుమ్మడికాయల మధ్య పెట్టింది. పెట్టాక చేతులు ఏం చేసుకోవాలో తోచక కాసేపు అక్కడే నిలబడింది.

వేలంపాట హుషారుగా సాగింది. గుమ్మడికాయలు అయిపోయాయి, పుంజు అయిపోయింది. ముందువరస ప్లాస్టిక్ కుర్చీలో అబ్బాయిరాజు ఉన్నారు. చర్చి మనిషి కాదు, కొల్లేటి వైపు చేపల చెరువుల రైతు. విశ్వాసం మాటలు వినడానికి ఏటా వచ్చి, ఏదో ఒకటి పాడుకుని వెళ్ళడం ఆయనకి సరదా.

తర్వాత విశ్వాసం చేతికి సొరబుర్ర వచ్చింది. ఆకు తీసి అరచేతిలోకి వంచుకున్నాడు. బూడిదరంగు గింజలు. ఆవాల కన్నా కాస్త పెద్దవి.

"ఏవండీ, ఇవేంటండీ? బియ్యానికి మునిమనవలా?"

నవ్వులు లేచాయి.

"ఆయ్, తెలిసిందండి. పిట్టల మేత. చిలకలున్న మారాజులెవరండీ?"

"మా పాప లవ్ బర్డ్స్ పెంచుతోందయ్యా" అన్నారు అబ్బాయిరాజు.

"ఇంకేం మరి. రాజు గారి పిట్టలు పాట మొదలెట్టాయండి. ఇంకో పిట్ట లేదా?"

ఇంకో పిట్ట లేదు. జనం ఆయన నోటి వైపే చూస్తున్నారు. అలాంటప్పుడు మాటని ఆయన వెతకడు. నీళ్ళలోంచి చేప ఎగిరినట్టు అదే వస్తుంది.

"ఇప్పుడర్థమైందండి. మన అతిథులు అంత దూరం నించి ఎలా వచ్చారా అని ఒకటే ఆలోచన నాకు. ఇవి తిని, ఎగిరొచ్చి, మన కొమ్మ మీద వాలారండి."

మోచేతులు రెండూ రెక్కల్లా ఆడించాడు కూడా. ఆవరణంతా విరగబడి నవ్వింది. పాస్టరు గారు రుమాలుతో కళ్ళు ఒత్తుకున్నారు. గోడవార చాప మీద కూర్చున్న ఉంగి, అందరూ నవ్వుతున్నారు కదా అని, తనూ కొంచెం నవ్వింది. పక్కన గంగులు తల దించుకుని చాప ఈనెలు పీకుతున్నాడు. ఉంగి మోచేత్తో పొడిచి ఏమిటని అడిగితే చెప్పలేదు. విశ్వాసానికి ఇదంతా బల్ల మీదనుంచి కనబడింది. ఉంగి నవ్విందనుకున్నాడు. బాగుందనుకున్నాడు.

అబ్బాయిరాజు సొరబుర్ర చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

ప్రేమవిందులో ఆకులు ఎత్తాక, గంగులు రూబీ టీచర్ దగ్గరికి వచ్చాడు. వెనక ఉంగి.

"టీచర్ గారూ, మా సామలు ఎప్పుడు వండుతారని అడుగుతాందండి."

"వండటమా?" అంది రూబీ టీచర్.

"మా కోయోళ్ళకి కొత్తలని ఉంటదండి. పండిన గింజ ముందు వేల్పుకి పెట్టి, పదిమందీ కలిసి తిన్నాకే ఇంట్లో పిల్లల నోటికి అందేది. ఆడైతే ఊరి వేల్పు ఉండె, పెద్దలుండిరి. ఈడ ఈళ్ళకి ఏదీ లేదు కదండీ. మీ పండగా అదేనని మీరే చెప్తిరి. మీ దేవుడికాడ పెడితే మీరంతా తింటారు, అప్పుడు తన పిల్లలు తినొచ్చని తెచ్చింది." గంగులు ఆగాడు. ఎవరి మొహమూ చూడకుండా మళ్ళీ అన్నాడు. "ఊరు కాలినప్పుడు కొంగున ముడేసుకొచ్చిన ఇత్తనమండి. పోయినేడు మొలిచి మాడిపోయింది. ఈ ఏడే పండింది. పిల్లలు ఇంకా తినలేదు."

రూబీ టీచర్ మెల్లగా విశ్వాసం వైపు తిరిగింది. అక్కడున్న కొద్దిమందీ అటే చూశారు.

"సాయంత్రం వండిస్తానండి" అన్నాడు విశ్వాసం. "చర్చి వాళ్ళందరం కూర్చుని తింటాం. చెప్పు గంగులూ."

ఉంగి విని చేతులు జోడించింది. తిన్నాక కబురు చెయ్యమంది. అప్పటిదాకా ఆగుతామంది. వ్యాను కదిలాక, రూబీ టీచర్ గేటు పట్టుకుని నిలబడి, "ఏడాది పట్టిందండి, ఆవిడ చేత్తో ఒకటి తెప్పించడానికి" అంది. అది తిట్టు కాదు. తిట్టయితే బాగుండేదని విశ్వాసానికి అనిపించింది.

అప్పటికప్పుడు మోపెడ్ వేసుకుని కొల్లేటి దారిన వెళ్ళాడు. కిందటేడు సర్కారు వాళ్ళు చెరువుల గట్లు కొట్టేశాక ఆ వైపంతా కొత్తగా నీళ్ళు పరుచుకుని ఉన్నాయి. సాయంత్రపు వెలుగు ఆ నీళ్ళ మీద ఎక్కడ ఆగాలో తెలియనట్టు తిరుగుతోంది. అబ్బాయిరాజు వరండాలో వాలుకుర్చీలో ఉన్నారు. పక్కన పంజరం. దాని కింద గచ్చు మీద బూడిదరంగు పొట్టు.

"రావయ్యా విశ్వాసం. నీ మేత భలే నచ్చిందయ్యా వీటికి. పాప వచ్చీ రాగానే వేసేసింది."

విశ్వాసం సంగతి చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆ పొట్టు గాలికి కొంచెం కొంచెం జరుగుతూనే ఉంది. అబ్బాయిరాజు లేచి లోపలికెళ్ళి బుర్ర తెచ్చి చేతిలో పెట్టారు. సగం ఉంది.

"ఆ ముక్క అక్కడ చెప్పొద్దూ?" అన్నారు. "నేనూ నవ్వాను కదయ్యా." కాఫీ తాగి వెళ్ళమని కూడా అనలేదు ఆయన. కుర్చీలో వెనక్కి వాలి నీళ్ళ వైపు చూస్తూ ఉండిపోయారు.

ఇంటికొచ్చి భార్య ముందు బుర్ర పెట్టాడు. వరమ్మ గుప్పెడు తీసి పళ్ళెంలో పోసి వేలితో కదిపింది.

"వీటిని దంచాలండీ. పొట్టు తియ్యకుండా ఎలా వండుతాం?"

"దంచవే మరి."

"దేంతో? రోలమ్మేసి గ్రైండరు కొన్నాం కదండీ."

మిక్సీలో తిప్పితే పిండయింది. ఇంకో గుప్పెడు అలాగే ఉడకబెట్టారు. పొట్టు పైకి తేలింది. విశ్వాసం ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, గొంతుకి అడ్డంపడి, కళ్ళనీళ్ళొచ్చేదాకా దగ్గాడు.

"పిట్టల మేతన్నారుగా" అంది వరమ్మ వీపు నిమురుతూ. "వాటికున్న పనితనం మీ నోటికి లేదు."

ఆయన గిన్నె పక్కకి నెట్టాడు. "తిన్నామని కబురు చేసేద్దాం" అన్నాడు. "గంగులుకి ఫోను చేస్తే చాలు. పాపం పిల్లలు తింటారు. ఎవరికి తెలుస్తుంది?"

వరమ్మ పొట్టు ఉన్న నీళ్ళు వంపేస్తోంది. వెనక్కి తిరగలేదు. "ఆ పిల్లల నోటికి తొలిముద్ద అబద్ధం మీద పెట్టిస్తారా? నేనైతే చెయ్యలేను. మీ ఇష్టం."

బుర్రలో ఇంకా కొంచెం మిగిలింది. మర్నాడు మార్కెట్‌కి వెళ్ళకుండా, బుర్రని టవల్లో చుట్టి జంగారెడ్డిగూడెం బస్సెక్కాడు. కామవరపుకోట దాటాక నేల ఎర్రబడింది. పామాయిల్ తోటలు కిటికీ పక్కన వరసలు వరసలుగా వెనక్కి నడిచిపోతున్నాయి. ఉంగికి ఎలా చెప్పాలో మాటలు పేర్చుకుంటూ కూర్చున్నాడు. పేర్చిన ప్రతి మాటా చివరికి నవ్వులాటగానే తేలుతోంది. మెలికలేని మాట ఒకటి చెప్పడం తనకి చేతకాదన్న సంగతి ఈ వయసులో, ఈ బస్సులో తెలిసింది. టిక్కెట్టు అడిగిన కండక్టరుకి కూడా ఊరి పేరు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది, అంత మెల్లగా పలికాడు.

ఆటో దిగి అడవిలోకి నడిచేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. గుడిసె ముందు ఉంగి కంది కట్టెలు విరుస్తోంది. ఆయన్ని చూడగానే లేచి నిలబడింది. కబురు మోసుకుని మనిషే వచ్చాడనుకుంది. లోపలికి కేకేసి పిల్లల్ని పిలిచింది. వాళ్ళు వచ్చి ఆయన మొహం వైపు చూస్తూ వరసగా నిలబడ్డారు, చేపమొహం పెడతాడేమోనని. బడిపాకలోంచి గంగులు వచ్చాడు.

విశ్వాసం టవలు విప్పి బుర్ర కింద పెట్టాడు.

"మేం తినలేదు గంగులూ. వండిస్తానని అబద్ధం చెప్పాను. పాటలో రాజు గారికి పోయాయి. ఆయన పిట్టలకి వేశారు. సగం మిగిలితే నేను పాడుచేశాను. ఇదీ మిగిలింది. అలాగే చెప్పు."

గంగులు చెప్పాడు. ఉంగి బుర్ర వైపు చూసింది. పైన కొమ్మల వైపు చూసింది. ఏదో అంది.

"పిట్టలు తింటే తప్పు లేదంటాందండి. చేలో ముందు తినేవి అవే కదా అంటాంది."

విశ్వాసం తేలికపడ్డాడు. టవలు భుజాన వేసుకుని వెళ్ళబోయాడు. ఉంగి ఇంకో మాట అంది, నవ్వుతూనే. విశ్వాసం గంగులు వైపు తిరిగాడు.

"ఏంటంటుంది?"

"ఆ రోజు మీరేదో అంటే అందరూ అంత నవ్వారు కదా, అదేంటని అడుగుతాందండి. తనూ నవ్విందంట, తెలియకుండానే. చెప్తే పిల్లలకి కూడా చెప్పుకుంటదంట." గంగులు కాలి బొటనవేలితో మట్టి గీస్తున్నాడు. "నేను ఆ రోజు చెప్పలేదండి. ఇప్పుడూ నేనుగా చెప్పలేను. మీరు చెప్పండి. ఎట్లా అంటే అట్లా చెప్తా."

పిల్లలు అప్పుడే నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. చిన్నది అన్న చొక్కా పట్టుకుని మునివేళ్ళ మీద లేచింది. విశ్వాసం నోటి దగ్గరికి వంద మాటలొచ్చాయి. జెల్ల మీసాల మాట ఉంది, సొరకాయ పెళ్ళికూతురి మాట ఉంది. ఏదో ఒకటి చెప్పెయ్యొచ్చు. అందరూ నవ్వుతారు. సాయంత్రం బస్సుకి ఏలూరు వెళ్ళిపోవచ్చు.

"ఇవి పిట్టల మేతన్నాను" అన్నాడు. "ఇవి తిని, మీరు ఎగిరొచ్చి, మా కొమ్మ మీద వాలారన్నాను."

గంగులు చెప్పాడు. తెలుగులో క్షణం పట్టిన మాట కోయలో చాలాసేపు పట్టినట్టనిపించింది. ఎక్కడో మధ్యలో గంగులు ఆగి, 'కొమ్మ' అన్నచోట చేత్తో పైకి చూపించాడు. పిల్లలు ఆ కొమ్మ వైపు చూశారు. అక్కడేమీ లేదు. మళ్ళీ అమ్మ వైపు చూశారు, నవ్వాలా వద్దా అని.

ఉంగి మొహంలో నవ్వు ఒక్కసారిగా పోలేదు. చెరువు ఇంకినట్టు అంచుల్లోంచి ఇంకింది. ఆవిడ కిందికి చూసి, మెల్లగా, కోపం లేకుండా ఏదో అంది.

గంగులు గొంతు సరిచేసుకున్నాడు. "ఎగిరి రాలేదంట. నడిచొచ్చారంట. ఎగిరే ఈలుంటే మా అత్త కూడా వచ్చేది అంటాంది."

అత్త ఎక్కడుందని విశ్వాసం అడగలేదు. అడగక్కర్లేదు. క్షమించమనే మాట నోట్లోకి వచ్చింది. ఆ మాట కూడా తన గొంతులోంచి వస్తే వేలంపాటలా వినబడుతుందేమోనని భయమేసింది. చేతులు జోడించాడు. ఉంగి అటు చూడలేదు. బుర్ర తీసుకుని గుడిసె పక్కన నేలలో పాతిన రోటి దగ్గరికి వెళ్ళింది.

రోకలి చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు ఆగి, చేట చప్పుడు వచ్చింది. పొట్టు లేచి ఎండలో మెరిసి గడ్డి మీద పడుతోంది. పెద్దపిల్ల పొయ్యి ఊదింది. ఎవరూ ఆయన్ని వెళ్ళమనలేదు, కూర్చోమనలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని మట్టి మీద కూర్చున్నాడు. ఎసరు మరిగింది. తెల్లటి ఆవిరి, వాన పడ్డ మట్టివాసన లాంటిదొకటి.

ఉంగి ఒక గరిటెడు తీసి తూర్పుదిక్కు రాయి మీద పెట్టి, కళ్ళు మూసుకుని ఏదో గొణిగింది. తర్వాత అడ్డాకు దొన్నెలో కొంచెం వడ్డించి ఆయన ముందు పెట్టింది.

"ముందు మీరు తినాలంట" అన్నాడు గంగులు. "పండగనాడు తింటామని మాటిచ్చింది మీరు కదా. ఆ మాట చెల్లితేనే పిల్లలకి పెడతదంట."

"నా వల్ల కాదు గంగులూ."

"నేనదెట్లా చెప్పనండి? అటు చూడండి."

పిల్లలు చుట్టూ చేరారు. వాళ్ళు ఆయన కళ్ళలోకి చూడటం లేదు, చేతి వైపు చూస్తున్నారు. చిన్నది తెలియకుండానే నోరు తెరిచింది. విశ్వాసం ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాడు. మెత్తగా, తియ్యగా కూడా ఉంది. పొట్టు లేదు, అడ్డంపడేది ఏదీ లేదు. అయినా లోపలికి దిగలేదు. నాలుక మీద అలాగే ఉండిపోయింది. ఆవరణలో లేచిన నవ్వంతా ఆ ముద్దలో ఉన్నట్టుంది. మింగితే తనదైపోతుంది. మింగకపోతే ఆ చిన్నదాని నోరు తెరిచే ఉంటుంది.

ఉంగి గరిట పట్టుకుని ఆయన గొంతు వైపే చూస్తోంది.

మింగాడు.

ఆవిడ వెంటనే పిల్లల వైపు తిరిగింది. చిన్నదాని దొన్నె మొదట నిండింది, తర్వాత మిగిలినవాళ్ళవి. వాళ్ళు ఊదుకుంటూ, నాలుకలు కాలుతుంటే ఆపుకోలేక తింటుంటే, వంగి వంగి వడ్డిస్తూనే ఉంది. ఆయన వైపు మళ్ళీ చూడలేదు.